బర్రె దగ్గరికే స్కానర్ రావాలి

మన దగ్గర ఏటా మినీ ప్రాజెక్టుల టైమ్‌లో ఆవు మెడకి సెన్సర్ కట్టే టీమ్ ఒకటైనా ఉంటుంది. తప్పేం లేదు. కానీ మహబూబాబాద్ జిల్లాలో కురవి, గార్ల, కొత్తగూడ వైపు పాడి రైతుని అడిగి చూడండి, ముందు తెలియాల్సింది ఒకటే అంటాడు: బర్రె చూడి కట్టిందా, లేదా?

సూది వేయించాక మామూలుగా రెండు నెలలు ఆగాలి. అప్పుడు డాక్టర్ గ్లోవ్ తొడుక్కుని, మలద్వారం గుండా చెయ్యి పెట్టి గర్భసంచిని తడిమి చెప్తారు. అది ఏళ్ల అనుభవంతో వచ్చే విద్య, చులకన చేయొద్దు. అదే చేత్తో చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ లోపలికి తీసుకెళ్తే సుమారు 30 రోజులకే పిండం, దాని గుండె కొట్టుకోవడం తెరమీద కనబడతాయి.

ఈ నెల తేడాతో ఏమొస్తుందంటారా? బర్రె దాదాపు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. వట్టిదని 60 రోజులకి తెలిస్తే అప్పటికే రెండు ఎదలు పోయినట్టు. పైగా బర్రెల్లో మూగ ఎద ఎక్కువ, ఎండాకాలం మరీను. అరవదు, గుర్తుపట్టలేం. 30కే తెలిస్తే 42వ రోజు ఎదకి కాపు కాయొచ్చు. 21 రోజులు మిగిలాయి. మేతకీ దాణాకీ రోజుకి 200 అనుకున్నా 4,200 రూపాయలు. పాలివ్వని బర్రె మీద పెట్టే డబ్బు అది.

గొర్రెలు, మేకల సంగతి ఇంకా వేరు. వాటికి చెయ్యే పట్టదు. పొట్ట మీద నుంచి స్కాన్ చేయాల్సిందే.

స్కానింగ్‌తో అంతా అయిపోదు. నెలకి కనబడిన పిండం తర్వాత పోవచ్చు కూడా, కాబట్టి రెండో నెల దాటాక మళ్లీ చూడాలి. డాక్టర్ చేతికి పని తగ్గదు.

నా గొడవల్లా మిషన్ ఎక్కడుండాలన్న దాని మీదే. ఆస్పత్రి గదిలో పెడితే, తండా నుంచి బర్రెని ట్రాలీ ఆటో ఎక్కించి ఎవరు తెస్తారు? 2017లో మొదలైన 1962 సంచార పశువైద్య బండ్లు ఊళ్లకి పోతూనే ఉన్నాయి, బ్యాటరీ స్కానర్ వాటిలో ఉండాలి. మనకి పని అక్కడే ఉంది. ఎండలో తెర కనబడదు, పేడా నీళ్లూ పడితే కేబుల్ పాడవుతుంది, మెనూ అంతా ఇంగ్లీషు. సూది తేదీ కొడితే 310 రోజులు కలిపి ఈనే తేదీ తెలుగులో చెప్పే చిన్న యాప్‌తో మొదలుపెట్టినా చాలు. వచ్చే సెమిస్టర్‌కి ఎవరైనా టీమ్ కడతామంటే నేను రెడీ.