కావిడి తాడు మన ఎత్తుకే కట్టుకుంటాం, మరి కుర్చీ?



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా హాస్టల్ స్టడీ రూము కోసం ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు కలిసి 24 వేలు పోగేశారు. ముందు వాళ్ళకి థాంక్స్. ఆ డబ్బుతో ఏం కొందామని పోయిన వారం అడిగితే, బటన్ నొక్కితే పైకి లేచే స్టాండింగ్ డెస్క్ ఫొటోలు కొందరు పెట్టారు. ఎర్గోనామిక్ కుర్చీ అని ఇంకొందరు. ఒక తమ్ముడు మాత్రం "కొండలెక్కే ఒళ్ళు మనది, మనకి కుర్చీలేటి, నడుం నొప్పేటి?" అన్నాడు. దానికి 40 లైకులు. అందులో ఒకటి నాదే. నవ్వొచ్చి కొట్టాను, రాత్రి తీసేశాను. ఎందుకో చెప్తాను.

మాది మెళియాపుట్టి వైపు కొండ ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కోటబొమ్మాళి వచ్చిన మూడు నెలలకి మెడ నుంచి భుజం దాకా ఒకటే లాగుడు. గంట చదివితే ఇంక పేజీ ముందుకి వెళ్ళేది కాదు. ఇంట్లో చెప్పలేదు. అమ్మ కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంది, నాన్న అనాసలు కావిడి వేసుకుని సంతకి నడుస్తాడు. వాళ్ళకి ఫోన్ చేసి "కూర్చుని చదివితే నొప్పొస్తుంది" అని ఏ మొహం పెట్టుకుని చెప్తాను? చదువు మన ఒంటికి పడదేమో అనుకున్నాను. ఒకరోజు బట్టలు కూడా సర్దేసుకున్నాను.

ఒక డాక్టరు గారు మాత్రలు రాయకముందే "ఎలా కూర్చుంటావో చూపించు" అన్నారు. చూపించాను. "బల్ల నీకు ఎత్తైపోయింది, ఫోను నీకు కిందైపోయింది" అన్నారు.

రూముకొచ్చి టేపు పెట్టి కొలిచాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా పదిహేనున్నర అంగుళాలు. నేను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ 17. అంటే ఇన్నాళ్ళూ నా మడమలు నేలకి ఆనలేదన్నమాట. కూర్చుంటే నా మోచెయ్యి నేలకి 26 అంగుళాల ఎత్తులో ఉంటుంది, బల్ల 30. నాలుగు అంగుళాలు భుజాలు పైకెత్తి రాస్తున్నాను. ఆన్‌లైన్ క్లాసు వినేటప్పుడు అదే బల్ల మీద ఫోను పడుకోబెట్టి మెడ వంచేస్తున్నాను.

అప్పుడు నాన్న కావిడి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న కావిడి ఎత్తబోతే బుట్టలు నేలకి రాసుకునేవి. నాన్న తిట్టలేదు. తాళ్ళు విప్పి, నా ఎత్తుకి పొట్టి చేసి కట్టాడు. బరువు మోసేవాడు తాడు తన ఎత్తుకే కట్టుకుంటాడు, పక్కోడి ఎత్తుకి కాదు. ఇది మన వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎర్గోనామిక్స్ అంటే ఇదే. పేరు కొత్తది, పని మన ఇంట్లోదే.

కాబట్టి కొనేముందు చూడాల్సింది బ్రాండు కాదు, కొలత. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, ఆనకపోతే కింద ఇటుకో చెక్కో వేసుకోవాలి. నడుం దగ్గర వీపుకి ఆనుడు ఉండాలి, దుప్పటి మడత పెట్టుకున్నా చాలు. భుజాలు వదిలేసి కూర్చుంటే మోచెయ్యి బల్ల ఎత్తుకి సరిపోవాలి. కంప్యూటర్ తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలి. పుస్తకం ఏటవాలుగా నిలబెట్టుకోవాలి. కింద కూర్చుని చదవడం కూడా తప్పేం కాదు. పాత కొట్లలో గుమస్తాలు బాసింపట్టు వేసుకుని ఏటవాలు పెట్టె మీద లెక్కలు రాసేవారు. నేల మీద కూర్చుని, పుస్తకాన్ని కూడా నేల మీదే పెట్టి వంగిపోవడం వల్లే మనకి బాధ. నొప్పి కాల్లోకి దిగినా, తిమ్మిరి వచ్చినా మాత్రం ఈ చిట్కాలతో ఆగకండి, డాక్టరుకి చూపించండి.

ఇంక స్టాండింగ్ డెస్క్ సంగతి. మా చిన్నాన్న కూతురు అక్క విశాఖలో బట్టల షాపులో పనిచేస్తుంది. రోజంతా నిలబడే ఉండాలి. రాత్రికి కాళ్ళు వాచిపోతాయి. నిలబడితేనే ఆరోగ్యం అయితే మా అక్క అందరికంటే ఆరోగ్యంగా ఉండాలి. ఇలాంటి అక్కలు కేరళలో కొట్లాడితే 2018లో షాపుల చట్టం మార్చి కూర్చునే వీలు పెట్టారు. 2021లో తమిళనాడు కూడా చేసింది. అక్కడ కూర్చోవడం హక్కు అయింది, ఇక్కడ మనం నిలబడ్డానికి డబ్బులు పెడదామంటున్నాం. రెండూ తప్పు కాదు. ఒకే భంగిమలో గంటలకొద్దీ ఉండిపోవడమే తప్పు. కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలన్ హెడ్జ్ చెప్పిన లెక్క ఇది: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చో, 8 నిమిషాలు నిలబడు, 2 నిమిషాలు కదులు. దీనికి మోటారు బల్ల అక్కర్లేదు.

మేం అడిగిన చోట మోటారు బల్ల ఒక్కదానికే 20 వేలు పైన చెప్పారు. ఒక్కడు నిలబడితే మిగతావాళ్ళు చూస్తూ ఉండాలి. నా మాట ఏటంటే, వడ్రంగి చేత రెండు ఎత్తుల్లో బల్లలు చేయిద్దాం, కొన్ని 26 అంగుళాలు, కొన్ని 29. కాళ్ళ కింద పెట్టుకోడానికి చెక్కలు, పుస్తకానికి ఏటవాలు స్టాండ్లు. గోడకి 38, 42 అంగుళాల ఎత్తులో రెండు పొడుగు చెక్కలు కొట్టిస్తే, నిలబడి చదవాలనిపించిన వాళ్ళు వంతులవారీగా నిలబడతారు. కుర్చీలు మాత్రం కూర్చుని చూసే కొందాం, ఫొటో చూసి వద్దు.

"ఆ డబ్బుతో గ్రూప్స్ పుస్తకాలు కొనొచ్చు కదా" అన్న అన్నకి ఒక మాట. న్యాయమైన ప్రశ్నే. కానీ ఉన్న పుస్తకాల ముందే గంట దాటి కూర్చోలేకపోతున్నాం అన్నా. పోటీ పరీక్షకి రోజుకి ఎనిమిది గంటలు కూర్చోగలిగినవాడితో మనకి పోటీ. ఉద్యోగం వచ్చాకా అంతే. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యాక మన పిల్లలు కూడా డిజిటల్ అసిస్టెంట్లయ్యారు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందే పని.

కొండెక్కే ఒళ్ళు మనది, నిజమే. ఆ మాట మనం గర్వంగా అనుకుంటే బాగుంటుంది. కానీ అదే మాట రేపు ఇంకొకరు "వీళ్ళకి కుర్చీలెందుకు" అనడానికి వాడుకుంటారు. వాళ్ళకి ఆ మాట మనమే అందించొద్దు. కుర్చీ అడగడం సోకు కాదు. ఒళ్ళు నొప్పి పుడుతోందని చెప్పడం సిగ్గు కాదు. నేను చెప్పకుండా దాచుకుని, చదువు మానేసేదాకా వచ్చాను.

ఆదివారంలోపు స్టడీ రూములో చదివే ప్రతి ఒక్కరూ మూడు కొలతలు కామెంట్లో పెట్టండి: నేల నుంచి మోకాలి మడత దాకా, కూర్చున్నప్పుడు నేల నుంచి మోచెయ్యి దాకా, నిలబడినప్పుడు నేల నుంచి మోచెయ్యి దాకా. టేపు నా దగ్గర ఉంది, రూముకొస్తే ఇస్తాను. 40 లైకులు కొట్టినవాళ్ళు కూడా రావాలి.