నర్సమ్మకు వారంలో ఎన్ని రోజులు?

పల్లెలో ఏ కొత్త సర్వే తలపెట్టినా అధికారులకు ముందుగా గుర్తుకు వచ్చేది నర్సమ్మే. ఇంటింటికీ తిరిగే మనిషి ఆమే గనుక పని అప్పగించడంలో తప్పు లేదు. గడువు నిర్ణయించేటపుడు ఆమె చేతిలో అప్పటికే ఉన్న పనిని లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలను ఏర్పాటు చేసినపుడు సుమారు 2 వేల జనాభాను ప్రాతిపదికగా తీసుకున్నారు. ఇంటికి నలుగురు చొప్పున 500 ఇళ్లు. రోజుకు 20 ఇళ్లు తిరిగితే 25 రోజుల్లో సర్వే ముగుస్తుందని కాగితం మీద తేలుతుంది. నెల రోజుల గడువు ధారాళంగా సరిపోతుందనిపిస్తుంది.

కాని బుధ, శనివారాలు టీకాలకే సరిపోతాయి. గర్భిణుల పరీక్షలకు, బాలింతలను చూసి రావడానికి ఒక రోజు, సమావేశాలకు, రికార్డులకు మరొక రోజు తీసివేస్తే వారానికి మిగిలేది రెండు రోజులు. ఆ లెక్కన అదే సర్వేకు 12 వారాలు దాటుతుంది. నెల పని అనుకున్నది మూడు నెలల పని అన్నమాట.

గడువు మాత్రం ఆగదు. ఎంత శాతం పూర్తయిందని పైనుంచి రోజూ అడుగుతారు. అపుడు గడప తొక్కకుండానే కాలమ్‌లు నిండుతాయి. లేదా రోజువారీ పని వెనుకబడుతుంది. సర్వే ఆలస్యమైతే సంజాయిషీ అడిగేవారున్నారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడవలసిన టీకా తప్పిన పసిబిడ్డ తరఫున, రక్తపోటు చూడని గర్భిణి తరఫున అడిగే నాథుడు లేడు.

ఈ లెక్క రైతు ఇంట్లో అందరికీ తెలిసినదే. కొత్త పాక వేయదలచిన రైతు పాలు పితకడం, పశువులకు మేత వేయడం, మడికి నీరు కట్టడం మానుకోడు. ఆ పనులు పోగా మిగిలిన పూటలనే లెక్కపెట్టుకుంటాడు. చాలకపోతే కూలీని పెట్టుకుంటాడు.

జిల్లా అధికారులు చేయవలసినదీ అంతే. వారం పొడవునా తప్పనిసరిగా జరగవలసిన పనులను ముందు రాసుకుని, మిగిలిన రోజులను బట్టి గడువు నిర్ణయించాలి. తొందర ఉంటే ఆ కొద్దికాలానికి అదనపు సిబ్బందిని ఇవ్వాలి. అంటువ్యాధి ప్రబలినపుడు అన్ని పనులూ పక్కన పెట్టక తప్పదు. ప్రతి సర్వేనూ అంత అత్యవసరంగా చూడడం తగదు. సర్వే ఎంతవరకు వచ్చిందని అడిగే ప్రతి సమీక్షలోనూ ఆ నెల ఎందరు పిల్లలకు టీకాలు పడ్డాయని కూడా అడగాలి. గ్రామసభల్లో ప్రజలూ ఆ ప్రశ్న వేయాలి.