కొండమీద విడిపోయిన నీళ్ళు



ఎత్తైన కొండదారి అనగానే మనకు హిమాలయాలే గుర్తుకు వస్తాయి. లడఖ్‌లోని ఖార్దుంగ్‌లా కనుమ 5,359 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అనంతగిరి దాని ముందు చిన్న గుట్ట. అయినా దేవుడు మాతో మాట్లాడినది ఈ చిన్న గుట్టమీదనే.

ఒక నవంబరులో ధారూర్ మెథడిస్టు క్రైస్తవ జాతరకు హైదరాబాదు నుండి కారులో బయలుదేరాము. మేమిద్దరము, పిల్లలు, ముందు సీటులో అమ్మ. కృతజ్ఞత కానుక కవరులో పెట్టి బైబిలులో భద్రంగా ఉంచుకున్నాము. వికారాబాదు దాటగానే ఘాట్ రోడ్డు మొదలైంది. ఇరువైపులా దట్టమైన అడవి, మలుపు తరువాత మలుపు. ప్రతి మలుపులో హారన్ కొట్టుకుంటూ నెమ్మదిగా ఎక్కాము.

పైన కాసేపు ఆగినప్పుడు పిల్లలకు చెప్పాము: "మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. అది తూర్పున హైదరాబాదు వైపు పోతుంది. ఈ కొండల్లోనే పుట్టిన కాగ్నా పడమరగా తాండూరు మీదుగా కర్ణాటకకు పోయి భీమా నదిలో కలుస్తుంది. భీమా వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. మూసీ కూడా వాడపల్లి దగ్గర కృష్ణలోనే చేరుతుంది. ఇక్కడ విడిపోయిన నీళ్ళు అక్కడ మళ్ళీ ఒకటవుతాయి."

వింటున్న అమ్మ మెల్లగా అన్నది: "నీళ్ళకున్న బుద్ధి మీకు లేకపాయె బిడ్డా."

మేము తల వంచుకున్నాము. తాండూరులో ఉన్న మా అన్నయ్యతో మూడేండ్లుగా మాటలు లేవు. కారణం చెప్పుకోవడానికే సిగ్గు. ఉమ్మడి బోరు దగ్గర ఒక రాత్రి మోటారు వంతు ఎవరిదన్న మాట. ఆ మాట మీద మాట పెరిగి, పండుగలకు పోవడము మానేశాము. ఇద్దరు కొడుకులను ఒక్కచోట చూడక అమ్మ కుమిలిపోతున్నదని తెలిసీ తెలియనట్లు ఉన్నాము.

బలిపీఠమునొద్ద కానుక పెట్టేముందు సహోదరునితో సమాధానపడాలని ప్రభువు చెప్పిన మాట మత్తయి 5వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివాము! ఆ కానుక ఆ రోజు మా చేతిలోనే ఉన్నది.

కొండ దిగాము. ధారూర్‌లో గుడారాలు, జనం, పాటలు. కారు ఆపలేదు. పూత పూసిన కంది చేల నడుమ నేరుగా తాండూరు పోయాము. వాకిట్లో మమ్మల్ని చూసి అన్నయ్య మాట్లాడలేదు. వదిన మంచినీళ్ళు తెచ్చింది. "తప్పు మాది అన్నయ్యా" అన్నాము. ఆయన చాలాసేపు నేల చూసి, "అమ్మా, లోపలికి రా. అన్నం తిందురు" అన్నాడు. అంతే. కౌగిలింతలు లేవు. కాని ఆ సాయంత్రము రెండు కుటుంబాలు కలిసి జాతరలో కూర్చున్నాయి. బోరు ఇప్పటికీ ఒక్కటే. వంతులు మాత్రం కాగితము మీద వ్రాసుకున్నాము.

ప్రియులారా, అనంతగిరి దగ్గర సన్నని ధారగా మొదలయ్యే మూసీయే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. కలహము కూడా అంతే, మొదట్లో అడ్డుకట్ట వేయడం తేలిక. సామెతలు 17వ అధ్యాయము 14వ వచనము ఈ రాత్రి ఇంటిల్లిపాది కలిసి చదవండి. మీరు పలకరించడం మానిన వారు ఎవరైనా ఉంటే, వారి పేరు ప్రార్థనలో చెప్పండి. తరువాత వారి ఇంటికి వెళ్ళండి. ముందుగా వారే రావాలని కాచుకొని కూర్చోవద్దు. ఇంట్లో వృద్ధురాలైన తల్లి ఉంటే అసలే ఆలస్యము చేయవద్దు.

సమాధానకర్తయగు దేవుడు మీ గృహములను కలిపి కాపాడును గాక. ఆమేన్.