మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: బాడీ పాతదైనా పర్లేదు, లెన్స్ మాత్రం ఆలోచించి కొనండి

నా దగ్గర కెమెరా ఉందని ఆఫీసులో తెలిసిన దగ్గర్నుంచి నెలకి ఒకరైనా అడిగే ప్రశ్న ఇది: "బ్రో, కానన్ 1500డీ తీసుకోనా, నికాన్ డీ3500 తీసుకోనా?" ఏదైనా ఒకటే అంటాను. నేను తప్పించుకుంటున్నా అనుకుంటారు. నిజంగానే ఒకటే. రెండూ 2018లో వచ్చిన మోడల్సే, రెండింటిలోనూ 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సర్, రెండింటితో వచ్చేదీ 18-55 ఎంఎం కిట్ లెన్సే. నికాన్ బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం 1,550 ఫొటోలు వస్తుంది, కానన్‌ది 500. ఇలాంటి తేడాల కోసం పది రోజులు యూట్యూబ్‌లో కంపారిజన్లు చూడక్కర్లేదు. కానన్ 3000డీని మాత్రం పక్కన పెట్టేయండి. 18 మెగాపిక్సెల్ సెన్సర్ సంగతి అటుంచితే, లెన్స్ తగిలించే మౌంట్ కూడా ప్లాస్టిక్‌దే.

అసలు గొడవ కెమెరా ఇంటికొచ్చాక మొదలవుతుంది. కజిన్ పెళ్లికి తీసుకెళ్తారు, ఆటో మోడ్‌లో పెట్టి రాత్రి ఫంక్షన్ హాల్లో నాలుగు ఫొటోలు తీస్తారు. పక్కనే తమ్ముడు ఫోన్‌తో తీస్తాడు. ఫోన్ ఫొటోనే బాగుంటుంది! నలభై వేలు పెట్టింది దీనికా అనిపిస్తుంది. రెండు నెలలకి కెమెరా బీరువాలోకి, ఆరు నెలలకి ఓఎల్ఎక్స్‌లోకి వెళ్తుంది. ఈఎంఐ మాత్రం ఇంకా కడుతూనే ఉంటారు.

ఇందులో కెమెరా తప్పేమీ లేదు. ఫోన్ చీకట్లో ఒక ఫొటో తీయదు. వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నాయిస్ తీసేసి, నీడల్ని లేపి మనకి చూపిస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ మామూలుగా ఒక్క ఫ్రేమే తీస్తుంది. సాఫ్ట్‌వేర్ సాయం దాదాపు లేనట్టే. దాని బలమంతా పెద్ద సెన్సర్. ఆ సెన్సర్ మీదకి వెలుతురు పంపాల్సింది లెన్స్. మరి మనం ఏ లెన్స్ తగిలించాం? పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోయే కిట్ లెన్స్. పెద్ద ట్యాంకు కట్టించి దానికి అరంగుళం పైపు పెట్టినట్టు.

లెక్క చూడండి. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 వస్తుంది. అంటే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అదే జూమ్ దగ్గర కిట్ లెన్స్ కంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట దీంతో 640 సరిపోతుంది. ఒక బాడీ నుంచి దాని పై మోడల్‌కి వెళ్తే ఇంత తేడా రాదు. అందుకే నేను చెప్పేది: కెమెరా డబ్బులో పెద్ద ముక్క లెన్స్‌కి కేటాయించండి, బాడీ సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

"కిట్ లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా" అని కొందరు వాదిస్తారు. అది ఆపేది మీ చెయ్యి వణుకుని. పరిగెత్తే పిల్లాణ్ణి ఆపదు. వాణ్ణి ఆపాలంటే షట్టర్ 1/250 దగ్గరైనా ఉండాలి, దానికి వెలుతురు కావాలి.

షాపులో డబుల్ జూమ్ కిట్ అంటగట్టాలని చూస్తారు. 55-250 చేతిలో పట్టుకుంటే భలే ప్రొఫెషనల్‌గా ఉంటుంది, కాదనను. కానీ కొల్లేరు పక్షుల కోసం వెళ్లేవాళ్లకి 250 సరిపోదు, ఇంట్లో వాడేవాళ్లకి అంత అక్కర్లేదు. ఆ డబ్బుకి ఒక ప్రైమ్ తీసుకోండి. అయితే గుడ్డిగా 50 ఎంఎం కూడా వద్దు. కానన్ ఏపీఎస్-సీ సెన్సర్ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది. మన టూ బీహెచ్‌కే హాల్లో గోడకి ఆనుకుని నిలబడినా నలుగురు ఫ్రేములో పట్టరు. పోర్ట్రెయిట్స్ మాత్రమే మీ లక్ష్యమైతే 50 బంగారం. ఇల్లు, వీధి, స్నేహితులు అయితే నికాన్‌లో 35 ఎంఎం ఎఫ్/1.8 నాకు తెలిసి బెస్ట్. కానన్‌లో 24 ఎంఎం ఎఫ్/2.8 పాన్‌కేక్ ఉంది. వెలుతురు కాస్త తక్కువే ఇస్తుంది కానీ చాలా చిన్నది, కెమెరా బరువే తెలియదు.

నికాన్ వాళ్లకి ఒక హెచ్చరిక. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. చవగ్గా దొరుకుతోందని పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ కొంటే ప్రతి ఫొటోకి చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉందో లేదో చూడండి.

"డీఎస్‌ఎల్‌ఆర్ చచ్చిపోయింది, మిర్రర్‌లెస్ కొను" అనే మాటలో నిజం ఉంది. డీ3500 తయారీ ఆగిపోయింది, కంపెనీల దృష్టంతా మిర్రర్‌లెస్ మీదే. బడ్జెట్ ఉంటే వెళ్లండి, ముఖ్యంగా వీడియో కావాలంటే. 1500డీలో వీడియో తీసేటప్పుడు ఆటోఫోకస్ నత్తనడక. కానీ నేర్చుకునేవాడికి ఈ పరిస్థితి ఒక అవకాశం. అందరూ అమ్మేస్తున్నారు కాబట్టి పాత బాడీలు చవగ్గా వస్తున్నాయి. పైగా కానన్ ఈఎఫ్ లెన్స్ రేపు అడాప్టర్‌తో వాళ్ల మిర్రర్‌లెస్ బాడీ మీద కూడా ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే పగటిపూటే వెళ్లి చూడండి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కల్లా కనబడుతుంది. దుమ్ము శుభ్రం చేయించొచ్చు. లెన్స్‌లో ఫోన్ టార్చ్ వేసి చూడండి, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. నికాన్ ఫొటో ఫైల్‌లో షట్టర్ కౌంట్ ఉంటుంది. 1500డీ ఫైల్‌లో ఉండదు కాబట్టి అమ్మేవాడి మాట మీద కంటే గ్రిప్ రబ్బర్, బటన్ల అరుగుదల మీద నమ్మకం పెట్టుకోండి.

కొన్నాక ఆటో మోడ్‌ని మర్చిపోండి. కానన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ. ఐఎస్‌ఓ ఆటోలో ఉంచి గరిష్ఠ పరిమితి 3200 పెట్టండి, రా ప్లస్ జేపెగ్ ఆన్ చేయండి, ఫోకస్‌కి మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. గ్రూప్ ఫొటోకి ఎఫ్/1.8 వద్దు, పెళ్లికొడుకు ముక్కు షార్ప్‌గా వచ్చి అత్తగారు మసకబారుతుంది. ఎఫ్/4 పెట్టండి. ఫంక్షన్ హాల్ లైట్ల కింద ఫొటోల్లో చారలు వస్తుంటే ఎస్ లేదా టీవీ మోడ్‌కి మారి షట్టర్ 1/100 చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి.

విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఉండేవాళ్లు కెమెరాని ఆ లెదర్ బ్యాగులో నెలలపాటు ఉంచొద్దు. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ ప్యాకెట్లు చాలు.