దెబ్బతినినవాని వైద్యవ్యయము

వేంపల్లెలోగాని, దాని చుట్టుపట్ల పల్లెలలోగాని గట్టుతగాదాలోనో, బోరుబావి నీటి తగాదాలోనో ఒకని తల పగిలినదనుకొందము. రాత్రివేళ. 108 బండి వచ్చును. దానికి రుసుము లేదు. ఊరి ప్రభుత్వాసుపత్రిలో కట్టుకట్టి పులివెందులకో కడపకో పంపుదురు. అచట తలకు స్కానింగు తీసి, శస్త్రచికిత్స వలయునని చెప్పి, ఒక్కొక్కప్పుడు పైయూరికి గొనిపొమ్మందురు. కర్నూలా, తిరుపతియా, వేలూరా, బెంగుళూరా యను ప్రశ్న బంధువుల యెదుట నిలుచును. వెంటనే మరియొక ప్రశ్న: రూకలెవరు తెత్తురు?

ఈ రెండవ ప్రశ్నను మేము నేడు విచారింపదలచితిమి. ఇది ఆయా సంసారుల సొంతకష్టమని యెంచి లోకము విడిచిపెట్టుచున్నది. అట్లు విడుచుట పొరబాటని మా యభిప్రాయము. రాయలసీమలో ఆసుపత్రి బిల్లు ఎవరు చెల్లింతురో, పెక్కుమార్లు వారే వ్యాజ్యముయొక్క గతిని గూడ నిర్ణయించుచున్నారు.

సొమ్ము సమకూర్చుకొను మార్గములు పాఠకులకు తెలియనివి కావు. మొదట ఇంటి ఆడువారి బంగారము కుదువకు పోవును. తరువాత చీనీతోట కాపుమీద వర్తకునివద్ద ముందుసొమ్ము. అదియు చాలనిచో నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీ. ఈలోగా ఒక బావమరది నోటుపుస్తకము పుచ్చుకొని బంధువుల యిండ్లు తిరుగును. పెండ్లి చదివింపులవలెనే ఇచ్చినవారి పేర్లు, మొత్తములు అందులో వ్రాయబడును. మరల వారికి ఆపద కలిగినపుడు తీర్పవలసిన అప్పుల పట్టికయే అది. ఇపుడు ఫోనులద్వారా దూరదేశములనుండి సయితము చందాలు వచ్చుచున్నవి. 2023 అక్టోబరులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున ఖమ్మము జిల్లా విద్యార్థి యొకడు వ్యాయామశాలలో కత్తిపోటు తిని ఆసుపత్రి పాలైనపుడు అచటి తెలుగువారును ఇట్లే చందాలకు పూనుకొనిరి. ఆ బాలుడు దక్కలేదు. అత్యవసరమున వచ్చిన రోగికి ధనమున్నను లేకున్నను చికిత్స మొదలిడవలెనని ఆ దేశమున 1986లోనే చట్టమైనది. బిల్లు మాత్రము వెనుకనుండి వచ్చును.

చందా చాలని యింటికి మన సీమలో మరి రెండు తలుపులు తెరచియుండును. ఒకటి ఊరి పెద్దది. ముఠా నాయకుడని పత్రికలలో వ్రాయుదురుగాని ఇంటివారికతడు ‘అన్న’. ఆయన మనిషి ఆసుపత్రికి వచ్చి సొమ్ము కట్టి, రసీదు జేబులో వేసికొని పోవును, తిరిగి అడుగడు. అడుగడు గనుకనే అది తీరని యప్పు. గాయము మానిన యువకుడు, లేదా వాని తమ్ముడు, ఒకనాడు ఆ పెద్ద పంపున వేటకొడవలి పట్టినయెడల, ఆ ఋణము ఏ మంచము ప్రక్కన పుట్టినదో విచారించువారు లేరు. ముఠాతగాదాలకు పాలెగాండ్ర కాలమునుండి కారణములు వెదకు పండితులు ఈ ఆసుపత్రి రసీదులను గూడ ఒకమారు చూచిన మేలు.

రెండవ తలుపు కొట్టినవారిదే. వారి తరఫు పెద్దమనుష్యులు ఆసుపత్రి వసారాలోనికే వత్తురు. “అన్నా, అయిందేదో అయిపాయ. ఖర్చులన్నీ మావాళ్లు పెట్టుకుంటారు. కేసు మాత్రం వద్దు.” సామాన్యపు గాయమైనచో బాధితుడే రాజీపడుటకు చట్టమొప్పును, తీవ్రగాయములలో కొన్నిటికి న్యాయస్థానపు అనుమతి వలయును, హత్యాప్రయత్నమునకు రాజీ లేదు. అయినను సాక్షులు మాట మార్చినపుడు ఈ భేదములు కాగితమునందే మిగులును. మేము ఆ యింటివారిని నిందింపము. కుమారుని ప్రాణము ఒకవంక, వ్యాజ్యమొకవంక నుంచినపుడు ఏ తండ్రియైనను ఏమి చేయును?

కొట్టినవాడే వైద్యవ్యయము నిచ్చుకొనుట అధర్మమని మేమనుట లేదు. గాయపడినవాడు లేచి తిరుగువరకు అగు వ్యయమును ‘సముత్థానవ్యయ’మని మనువు ఎనిమిదవ యధ్యాయమునను, కౌటిల్యుడు దండపారుష్య ప్రకరణమునను పేర్కొనిరి. కాని దానిని రాజు ఇప్పింపవలయును. వసారాలో బేరమై చేతులు మారు సొమ్మునకు, రాజాజ్ఞచే వచ్చు సొమ్మునకు పోలికయే లేదు.

మరి మన రాజ్యాంగయంత్రమేమి చేయుచున్నది? పోలీసు లాంఛనములకై వేచియుండక ప్రాణము కాపాడుట వైద్యుని ధర్మమని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. సొమ్మెవరిదను ప్రశ్నకు ఆ తీర్పున సమాధానము దొరకదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. ప్రభుత్వములు మారినకొలది దాని పేరు మారినదిగాని అది బీదలకు చేసిన యుపకారము గొప్పది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచిరి. అయినను కార్డులేనివాడు, పట్టికలో లేని చికిత్స వలసినవాడు వెలుపల మిగులుచునే వచ్చిరి. ఆదాయము హద్దు మీరిన రైతులు, అంగడివారు వారిలో పలువురు. వారు బీమాయు చేయించుకొనరు. ట్రాక్టరుకు చట్టము నిర్బంధించుటచే బీమా కట్టుదుము. దానిని తోలువానికి కట్టము.

రోడ్డుమీద బండి గుద్దినవానికి 2025 మేలో ప్రకటించిన కేంద్ర పథకముచొప్పున ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల చికిత్స చేతిసొమ్ము లేకయే జరుగవలయును. ఆమ్లదాడికి, అత్యాచారమునకు గురియైనవారికి ప్రభుత్వ, ప్రయివేటు ఆసుపత్రులన్నియు ఉచితముగ చికిత్స చేయవలయునని 2013నుండి చట్టము. గొడ్డలివ్రేటు తినినవానికి ఇట్టి నిర్బంధమైన యేర్పాటు లేదు.

అయినను బొత్తిగ నేమియు లేదనరాదు. 2009 సంవత్సరాంతమున అమలునకు వచ్చిన 357ఏ నిబంధన, 2024 జూలైనుండి నాగరిక సురక్షాసంహితలో 396వ సెక్షనుగా నిలిచియున్నది. ఠాణా అధికారిగాని, మేజిస్ట్రేటుగాని ధ్రువపత్రమిచ్చినచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ బాధితునికి ఉచిత ప్రథమచికిత్సయు, వైద్యసహాయమును వెంటనే యేర్పరుప నాజ్ఞాపింపవచ్చును. మధ్యంతర సహాయమును గూడ మంజూరు చేయవచ్చును. ‘వచ్చును’ అను మాటయే ఇందలి లోపము. అది ‘వలయును’ కావలెను. న్యూజీలండువారు 1963లోనే నేరబాధితుల పరిహారమునకు చట్టము చేసిరి. మరుసటి యేడు బ్రిటను పథకము పెట్టెను. అమెరికావారు 1984లో నేరస్థుల జుల్మానాలనే నిధిగా కూర్చిరి. మన ప్రభుత్వము ముందు ఆసుపత్రికి చెల్లించి, నేరము రుజువైన పిదప కొట్టినవానినుండి రాబట్టుకొనినచో, శాస్త్రకారుల సముత్థానవ్యయమే అగును.

చట్టము మారువరకు ఉన్న దారినైనను నడువవలయును. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగ అడిగి తీసికొను హక్కు బాధితునికి కలదు. ఆ ప్రతితోపాటు 396వ సెక్షను ధ్రువపత్రము నీయుమని ఠాణాలోనే వ్రాతమూలకముగ నడుగవలయును. కడపలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు అదే దినమున పంపవలయును. నోటుపుస్తకముతో బయలుదేరు బంధువులలో ఒకడు ఆ రాత్రి ఠాణా త్రోవ పట్టుగాక.