దిగే ముందు

కొండదారిలో కష్టమంతా ఎక్కడంలోనే ఉందనీ, దిగడం ఆ కష్టానికి దక్కే బహుమానమనీ చాలామంది భావిస్తారు. గత డిసెంబరు వరకు నేనూ అలాగే భావించాను.

మిత్రులం నలుగురం విశాఖపట్నం నుంచి అరకు లోయకు సైకిళ్ల మీద వెళ్లి రావాలని మూడు రోజుల యాత్ర సంకల్పించాం. ఒకవైపు దూరం సుమారు 115 కిలోమీటర్లు. మొదటి రోజు మైదానం మీదుగా సాగి శృంగవరపుకోటలో బస చేశాం. ఇప్పుడు మీతో ముచ్చటించబోయేది రెండవ రోజు సంగతి.

మాలో ఇద్దరం ఇంజనీర్లం, ఒకరు అకౌంట్సు విభాగం అధికారి. నాలుగవవారు మా కర్మాగారంలోనే ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. వయసులో అందరికన్నా పెద్దవారు గనుక ఆయనను పెద్దాయన అంటాం. మా ముగ్గురివీ గేర్ల సైకిళ్లు. ఆయనది మాత్రం రాడ్డు బ్రేకుల పాత సైకిలు.

తెల్లవారుజామున బయలుదేరబోతుంటే ఆయన, "బళ్లు ఒకసారి చూసుకుందామా సార్?" అన్నారు. "నిన్న ఇంతదూరం చక్కగానే వచ్చాయి కదండీ, ఎండెక్కక ముందే ఘాట్ అందుకుందాం" అని నేను తొందరపెట్టాను. ఆయన మరి మాట్లాడలేదు.

ఊరు దాటిన కొంతసేపటికి చలిమంచులో ఘాట్ రోడ్డు ఆరంభమయింది. దారి మెలికలు తిరిగేకొద్దీ మా మాటలు తగ్గాయి, శ్వాస పెరిగింది. అలసట మరవడానికి నేను లెక్కలలో పడ్డాను. నేను, సైకిలు, సంచీ కలిసి 90 కిలోలు. అంత బరువు 100 మీటర్ల ఎత్తుకు చేరాలంటే సుమారు 88 కిలోజౌళ్ల పని జరగాలి. మన శరీరం ఖర్చుపెట్టే శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతే పనిగా మారుతుంది. మిగిలినది వేడిగా, చెమటగా పోతుంది. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు రెండు చిన్న ఇడ్లీల శక్తి కరిగిపోతుందన్న మాట. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఈ లెక్క వినిపించగానే అకౌంట్సు మిత్రుడు, "పొద్దున్న తిన్నవి నాలుగే, అప్పుడే లోటు బడ్జెట్టులో పడ్డాం" అన్నారు.

టైడా, డముకు దాటి అనంతగిరి చేరేసరికి మధ్యాహ్నమయింది. నిటారు చోట్ల పెద్దాయన ఏ సంకోచమూ లేకుండా దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు. దిగడానికి అభిమానం అడ్డొచ్చి తొక్కిన నేను, ప్రతి మలుపులోనూ ఆగి రొప్పేవాణ్ణి. చివరికి ఇద్దరం ఒకేసారి చేరేవాళ్లం.

గాలికొండ దాటాక దారి అరకు వైపు దిగడం మొదలవుతుంది. ఇరువైపులా సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చల్లని గాలి. పగలంతా పడ్డ శ్రమకు ఫలం అందుకోబోతున్నానన్న ఉత్సాహంతో పెడలు మీద కాలు వేశాను. పెద్దాయన వచ్చి నా హ్యాండిలు పట్టుకున్నారు.

"క్రేను బ్రేకు చూడకుండా లోడు ఎత్తనిచ్చేవారా సార్, మీరు?"

నా వద్ద జవాబు లేదు. ఆయన ముందు బ్రేకు లివరు నొక్కి, దాని మూలలో వేలితో తడిమి చూపించారు. కేబులు లోపలి తీగపోగులు సగానికి పైగా తెగి, తుప్పుపట్టి విచ్చుకుని ఉన్నాయి. ఎక్కుడు దారిలో బ్రేకుతో పనిలేదు గనుక ఆ సంగతి నాకు తెలియనే లేదు.

పైకి మోసుకువచ్చిన ఆ శక్తి ఎక్కడికీ పోదు. దిగేటప్పుడు ప్రతి 100 మీటర్లకూ అదే 88 కిలోజౌళ్లు తిరిగి వేగంగా మారుతుంది. గాలి అడ్డగించి ఖర్చుచేసేది పోగా మిగిలినదంతా బ్రేకుల వద్ద వేడిగా మారవలసిందే. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు మళ్లుతుంది గనుక ఎక్కువ పని ముందు బ్రేకుదే. ఏ మలుపులోనో ఆ మిగిలిన పోగులు తెగిపోతే ఏమయ్యేదో ఊహించడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు.

పెద్దాయన తన సంచీలోంచి కొత్త కేబులు తీసి అరగంటలో బిగించారు. ఆయన సైకిలుకు కేబులే లేదు. అది మా ముగ్గురి కోసం మోసుకొచ్చినది. "పట్టి ఉంచకండి సార్. పట్టండి, వదలండి. అదేపనిగా పడితే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది" అని చెప్పి, మమ్మల్ని దూరం దూరంగా పంపి, తాను అందరికన్నా వెనుక బయలుదేరారు.

సాయంత్రపు ఎండలో వలిసె పూల పసుపుతో నిండిన పొలాల మధ్యకు నలుగురం క్షేమంగా దిగాం. పనిలో ముప్పై ఏళ్లుగా తనిఖీ లేనిదే సంతకం చేయని నేను, నా ప్రాణం విషయంలో "నిన్న బాగానే నడిచింది" అన్న మాటను నమ్ముకున్నాను. ఆ మాట మీద ఎన్ని ప్రమాదాల నివేదికలు ఆరంభమవుతాయో మన తోటివారందరికీ తెలుసు.

మూడవ రోజు ఉదయం అందరికన్నా ముందు లేచి, నాలుగు సైకిళ్లూ నేనే చూశాను. పెద్దాయన పక్కన నిలబడి టీ తాగుతూ ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చాక ఈ కేబులు సంగతి నా శ్రీమతికి చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది గనుక, ఇక చెప్పనక్కరలేదు.