పడటం కూడా విద్యే

కుస్తీ అనగానే మనకు గోదాలోని ఎర్రమట్టి, తొడ చరిచి సవాలు చేసే మల్లులు గుర్తుకు వస్తారు. పట్టువిద్య నేర్చుకోదలచిన నేటి యువతీయువకులకు ఆ గోదాతోపాటు మరి రెండు ద్వారాలు తెరచి ఉన్నాయి. ఒకటి జపానులో పుట్టిన జూడో. రెండవది దాని నుండే చీలి బ్రెజిల్ దేశంలో పెరిగిన జియుజిట్సు. ఈ రెండింటిలో ఏది గొప్పదని కొత్తగా చేరదలచిన ప్రతివారూ అడుగుతారు. నా దృష్టిలో ఆ ప్రశ్న తొందరపాటుతో వేసినది. తొలిమెట్టు మీద నిలిచినవాడు గెలుపు కన్న ముందుగా ఓటమినే చవిచూస్తాడు. కనుక, దేహానికి హాని కలగకుండా ఓడిపోవడం ఏ విద్య ముందుగా నేర్పుతుంది అని అడగడమే వివేకం.

ఈ రెండు విద్యలకూ మూలపురుషుడు జిగొరో కానో. ఆయన 1860లో జన్మించాడు. బలహీనమైన దేహం కలవాడు కావడంతో బాల్యంలో తోటివారి చేతిలో బాధలు పడ్డాడు. విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో ప్రాచీన జుజుత్సు గురువులను ఆశ్రయించి ఆ విద్యను అభ్యసించాడు. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే చిన్న గదిలో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని నెలకొల్పాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన కానో, పాతవిద్యలోని ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛాసాధన నుండి తొలగించాడు. శక్తిని అత్యంత సమర్థంగా వినియోగించడం, నేనూ ఎదగాలి ఎదుటివాడూ ఎదగాలి అనుకోవడం ఆయన బోధించిన రెండు సూత్రాలు.

కొడోకాన్‌లో శిక్షణ పొందిన మిత్సుయో మయేదా అనే యోధుడు అనేక దేశాలు తిరిగి 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన వద్ద కార్లోస్ గ్రేసీ అనే యువకుడు విద్య నేర్చి తన తమ్ములకు నేర్పాడు. వారిలో బక్కపలచని హీలియో గ్రేసీ నేలమీది పట్లపై దృష్టి నిలిపి వాటికి మరింత పదును పెట్టాడు. ఆ విధంగా ఒకే వేరు నుండి రెండు కొమ్మలు సాగాయి.

పోటీ నియమాలు ఆ కొమ్మల మధ్య దూరాన్ని పెంచాయి. జూడోలో ప్రత్యర్థిని బలంగా, వేగంగా వెల్లకిలా పడవేస్తే పోటీ అక్కడితో ముగుస్తుంది. నేలమీద పోరాటం ముందుకు సాగకపోతే న్యాయనిర్ణేత ఇద్దరినీ లేపి నిలబెడతాడు. జియుజిట్సులో పడవేయడానికి లభించేది రెండు పాయింట్లు మాత్రమే. కింద ఉన్నవాని కాళ్ల అడ్డు దాటి పక్కకు చేరితే మూడు, ఛాతీపై కూర్చున్నా, వెనుక నుండి పెనవేసి పట్టినా నాలుగు లభిస్తాయి. కీలును బంధించి గానీ, మెడను బిగించి గానీ ఎదుటివాని చేత ఓటమి ఒప్పిస్తే పాయింట్లతో పని లేకుండానే విజయం వరిస్తుంది.

ఈ విద్యలో వెల్లకిలా పడినవాడు ఓడినట్లు కాదు. అతడు తన కాళ్లనే కవచంగా చేసుకొని, పైనున్నవానిని తిప్పివేయగలడు. కింద పడ్డా పైచేయి నాదే అనే సామెతను మనం గొప్పలు పోయేవారిని పరిహసించడానికి వాడుతాం. జియుజిట్సులో అది అక్షరాలా నిజం. సాధన చాలావరకు నేలమీదనే సాగుతుంది గనుక ఎత్తు నుండి పడే భయం తక్కువ. అందుచేత నడివయసులో సాధన మొదలుపెట్టేవారికి అది అనువైన మార్గమని నేను అంగీకరిస్తాను.

అయినప్పటికీ, పదహారు పదిహేడేళ్ల విద్యార్థి నన్ను సలహా అడిగితే జూడోతో ప్రారంభించమనే చెబుతాను. అందుకు ప్రధాన కారణం ఉకెమి. పడే పద్ధతికి జపాను వారు పెట్టిన పేరు అది. గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల నేలకు తగలకుండా చూసుకోవడం, చేతితో చాపను చరిచి దెబ్బ తీవ్రతను తగ్గించడం, దొర్లుతూ లేవడం అందులోని అంశాలు. జూడో సాధకుడు ఎవరినీ పడవేయకముందే వందలసార్లు తాను పడతాడు. ప్రమాదవశాత్తు సంభవించే మరణాల కారణాలలో పడిపోవడం రెండవ స్థానంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పోటీకి ఎన్నడూ వెళ్లనివానికి సైతం పడే నేర్పు తడిసిన మెట్ల మీద అక్కరకు రావచ్చు.

రెండవ కారణం అవకాశాలకు సంబంధించినది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడోకు స్థానం లభించింది. 1992 నుండి మహిళలు కూడా ఒలింపిక్ పతకాలకు పోటీ పడుతున్నారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో దృష్టిలోపం గల మన దేశ క్రీడాకారుడు కపిల్ పర్మార్ కాంస్య పతకం సాధించాడు. ఆ పోటీలలో ఇద్దరూ ఒకరి దుస్తులను ఒకరు పట్టుకున్న తరువాతనే ఆట మొదలవుతుంది. ఎదుటివాని కదలికను కంటితోనే కాక చేతితోనూ గ్రహించవచ్చునని ఇది చాటుతున్నది. మన దేశంలో పాఠశాల, విశ్వవిద్యాలయ స్థాయిలలోనూ జూడో పోటీలు జరుగుతున్నాయి. జియుజిట్సుకు ఒలింపిక్స్‌లో ఇంకా చోటు దక్కలేదు.

అయితే ఒక కఠోర సత్యాన్ని దాచడం న్యాయం కాదు. 1983 నుండి సుమారు మూడు దశాబ్దాల కాలంలో జపాను పాఠశాలల్లో జూడో సాధనలో వందమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది తలకు తగిలిన గాయాలతో మరణించారు. సాధన మొదలుపెట్టి ఎంతోకాలం గడవనివారు కూడా వారిలో ఉన్నారు. జూడో పుట్టిన నేలమీదనే ఇంత విషాదం జరిగినదంటే, విద్య పేరు మాత్రమే మనలను కాపాడదని గ్రహించాలి. పడటం రాని శిష్యుని బలంగా విసిరివేయడానికి అనుమతించే గురువు వద్ద జూడో నేర్చుకోవడం కన్న, శ్రద్ధ గల గురువు వద్ద జియుజిట్సు నేర్చుకోవడం వేయిరెట్లు మేలు. చేరబోయే ముందు ఒక పూట కూర్చుని శిక్షణను గమనించండి. కొత్తవారికి పడటం ఎన్నాళ్లు నేర్పుతున్నారు? బరువులో పెద్ద తేడా ఉన్నవారిని జత చేస్తున్నారా? తలకు దెబ్బ తగిలినవానిని వెంటనే ఆపి వైద్యుని వద్దకు పంపుతారా? సమాధానాలు తృప్తి కలిగించకపోతే వెనుదిరగడానికి సంకోచించవద్దు.

జియుజిట్సు నేర్పే తొలిపాఠం కూడా ఇంతే విలువైనది. కీలు బిగిసినప్పుడు చేతితో తట్టి ఓటమి ఒప్పుకుంటే ఎదుటివాడు తక్షణమే వదలివేస్తాడు. అహంకారంతో తట్టనివాడు చేయి విరగ్గొట్టుకుంటాడు. 1951లో రియో డి జనీరోలోని మరకానా క్రీడాప్రాంగణంలో జపాను జూడో వీరుడు మసాహికో కిమురా హీలియో గ్రేసీ చేతిని మెలితిప్పి బంధించాడు. హీలియో లొంగలేదు. చివరకు అన్న కార్లోస్ జోక్యం చేసుకొని పోటీని ఆపించాడు. తమను ఓడించిన ఆ పట్టుకు బ్రెజిల్ వారు కిమురా అనే పేరు పెట్టి నేటికీ శిష్యులకు నేర్పుతున్నారు. ఓడించినవానిని గురువుగా గౌరవించడం కన్న గొప్ప క్రీడాస్ఫూర్తి ఏముంటుంది?

కాబట్టి విద్యార్థులు ముందు మంచి గురువును వెదకాలి. అటువంటివారు రెండు విద్యలలోనూ లభిస్తే జూడోతో మొదలుపెట్టి పడటం నేర్చుకోవాలి. దేహం ఆ పాఠాన్ని జీర్ణించుకున్న తరువాత జియుజిట్సు తలుపు తట్టవచ్చు. ఒకే తల్లి బిడ్డలైన ఆ విద్యలు ఒకదానికొకటి శత్రువులు కావు. సురక్షితంగా పడి, నిజాయితీగా ఓటమి ఒప్పుకొని, మరునాడు మళ్లీ చాప మీదికి రాగలిగినవాడే నిజమైన సాధకుడు.